ఊరి ధర అంచనాకు అందుతుంది, మన ప్లాటు ధర అందదు

చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే స్థలం మీద పెట్టమనే సలహాయే మన ఇళ్ళలో ముందు వినిపిస్తుంది. షేర్లు ఎప్పుడు పడతాయో తెలియదు, బ్యాంకు వడ్డీ ఖర్చులకే చాలదు, స్థలం మాత్రం కూర్చున్నచోటే పెరుగుతుందని పెద్దలు చెబుతారు. ఈ మాట గాలిలోంచి పుట్టింది కాదు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి ఆ చుట్టుపక్కలంతా బండరాళ్ళు, తుప్పలు. పాతికేళ్ళు తిరిగేసరికి, 2023 ఆగస్టులో, అక్కడికి దగ్గర్లోనే ఉన్న కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఇంత మార్పు ఒక్క తరం కళ్ళముందే జరిగినప్పుడు భూమి ధర ఎటు పోతుందో మనకు తెలుసనిపించడం సహజం. అయితే అలా తెలిసేది ఊరి ధర. మనం ఊరిని కొనం. ఫలానా సర్వే నంబరులో, ఫలానా హద్దుల మధ్య రెండు వందల గజాలు కొంటాం. ఊరి ధరను నడిపే శక్తులు వేరు, ఆ రెండు వందల గజాల విలువను తేల్చే సంగతులు వేరు. మొదటివి కొంతవరకు అంచనాకు అందుతాయి, రెండోవి చాలావరకు అందవు. ఊరి మీద ఉన్న నమ్మకంతో ప్లాటుకు డబ్బు కట్టేయడంలోనే మధ్యతరగతి కుటుంబాల నష్టాలు చాలా మటుకు మొదలవుతున్నాయి.

ఈ తేడాను లెక్కకట్టి చూపిన పరిశోధన ఒకటుంది. అమెరికా ఆర్థికవేత్తలు కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ ఒకే ఇల్లు రెండోసారి అమ్ముడైన సందర్భాలను అట్లాంటా, షికాగో, డల్లాస్, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల నుంచి సేకరించారు. 1970 నుంచి 1986 దాకా ఉన్న ఆ వివరాలను పరిశీలించి 1989లో ఫలితాలు ప్రకటించారు. షేర్లలో నిన్నటి పెరుగుదలను చూసి రేపటిది చెప్పడం దాదాపు కుదరని పని. ఇళ్ళ విషయంలో అలా లేదు. ఒక నగరంలో ఈ ఏడాది ధరలు పెరిగితే వచ్చే ఏడాది కూడా అదే దిశలో, ఈ ఏటి మార్పులో పావు వంతు నుంచి సగం వరకు కదిలే ధోరణి కనిపించింది. ఇక్కడితో ఆగితే మన పెద్దల మాట నెగ్గినట్టే. కానీ వారు విడి ఇళ్ళను తీసుకుని చూసినప్పుడు, నగరం సగటుకూ ఒక్కో ఇంటికీ మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉందంటే, నగరం గురించి తెలిసినదాన్ని నమ్ముకుని ఒక ఇంటి మీద లాభం లెక్కేసుకోవడం కష్టమని తేలింది. అమెరికాలో హక్కు పత్రాల గొడవ మనకంటే చాలా తక్కువ. అమ్మకాల రికార్డులు సవ్యంగా ఉంటాయి, ఇళ్ళన్నీ కట్టి ఉన్నవే. అక్కడే ఇలా ఉంటే, రాళ్ళు పాతిన ఖాళీ ప్లాటు విషయంలో ఆ తేడా ఇంకెంత ఉంటుందో ఊహించవచ్చు.

అసలు స్థలం ధర నిలకడగా పైకి వెళ్తున్నట్టు ఎందుకు కనిపిస్తుంది? ముఖ్యమైన కారణం దాని ధరను ఎవరూ రోజూ ప్రకటించకపోవడం. షేరు ధర పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెర మీద కదులుతూ గుండెదడ పుట్టిస్తుంది. ప్లాటు ధర మాత్రం పక్క ప్లాటు అమ్ముడైనప్పుడో, మధ్యవర్తి ఫోన్ చేసినప్పుడో తెలుస్తుంది. గిరాకీ పడిపోయిన కాలంలో అమ్మేవారు ధర తగ్గించరు, అమ్మకం మానుకుంటారు. అమ్మకాలే లేకపోతే పడిన ధర ఎక్కడా నమోదు కాదు. మళ్ళీ గిరాకీ వచ్చి ఎవరో పెద్ద ధరకు కొన్న రోజున అదే అందరి నోటా వినిపిస్తుంది. పైగా మన దగ్గర రిజిస్ట్రేషన్ పత్రంలో రాసే విలువ ఒకటి, చేతులు మారే సొమ్ము మరొకటి కావడం మామూలైపోయింది కనుక, ఉన్న రికార్డు కూడా నమ్మదగింది కాదు. హైదరాబాద్‌లో ధరలు ఎన్నడూ పడలేదనే మాట ఇలాంటి చోటే పుడుతుంది. నేషనల్ హౌసింగ్ బ్యాంకు 2007ను 100గా పెట్టుకుని నగరాల ఇళ్ళ ధరల సూచీని కట్టింది. అందులో 2013 నాటికి కూడా హైదరాబాద్ అంకె 100కు దిగువనే ఉంది. ప్రపంచ మాంద్యం, సత్యం కంపెనీ కుప్పకూలడం, రాష్ట్ర విభజన ఉద్యమ కాలపు అనిశ్చితి, అన్నీ ఆ ఏళ్ళలోనే వచ్చాయి. ఆ కాలంలో పిల్లల చదువుకో ఆసుపత్రి ఖర్చుకో అమ్మక తప్పనివారు ఎంతకు అమ్ముకున్నారో ఎవరూ చెప్పుకోరు. తర్వాతి పదేళ్ళ పెరుగుదల ఆ జ్ఞాపకాన్ని తుడిచేసింది.

కోకాపేట కథలోనే ఇంకో ముక్క ఉంది. 2006-07 కాలంలో అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా అక్కడి భూములను వేలం వేసినప్పుడే ఎకరం గరిష్ఠంగా 14 కోట్లు దాటింది. అమ్మింది ప్రభుత్వ సంస్థ, కొన్నవి అనుభవమున్న పెద్ద కంపెనీలు. అయినా ఆ భూమి హక్కు మీద కోర్టులో వివాదం ఉందని బయటపడ్డాక, మాంద్యం కూడా తోడై, కొందరు బిడ్డర్లు తమ డబ్బు తిరిగి ఇప్పించమని కోర్టుకెక్కారు. ఆ ధరకూ 2023 నాటి 100.75 కోట్లకూ మధ్య ఉన్నది దాదాపు ఏడు రెట్ల తేడా. పదహారు పదిహేడేళ్ళ మీద చూస్తే ఏడాదికి 12-13 శాతం పెరుగుదల. మంచి రాబడే. ఆ ప్రాంతం గురించి 2006లో వేసిన అంచనా తప్పు కాలేదు. కానీ మధ్యలో సొమ్ము ఇరుక్కుపోయి, వడ్డీలు కట్టలేక బయటికి రావాలనుకున్నవారికి ఆ అంచనా నిజమై ఒరిగిందేమీ లేదు. ప్రాంతం గెలిచినా అందులో పెట్టుబడి పెట్టినవారందరూ గెలవరు. నడుమ ఉండే కాలాన్ని ఎవరు భరించగలరన్నదే చాలాసార్లు ఫలితాన్ని తేలుస్తుంది.

ఇక అమరావతి. భూమిలో ఏది అంచనాకు అందుతుంది, ఏది అందదు అనే ప్రశ్నకు తెలుగునేల మీద ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయింది. రాజధాని ఎక్కడుండాలో పరిశీలించిన శివరామకృష్ణన్ కమిటీ అదే ఏడాది ఆగస్టులో నివేదిక ఇస్తూ, విజయవాడ-గుంటూరు మధ్య సారవంతమైన పంటభూముల్లో ఒకే పెద్ద రాజధాని కట్టడం మంచిది కాదని హెచ్చరించింది. ప్రభుత్వం ఆ మాట తోసిపుచ్చి కృష్ణా నది ఒడ్డునే ఎంచుకుంది. భూ సమీకరణ కింద 29 గ్రామాల్లో దాదాపు 28 వేల మంది రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం; నీటి వసతి ఉన్న జరీబు ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామన్నది ఒప్పందం. పదేళ్ళ పాటు ఏటా కౌలు కూడా కడతామన్నారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. అసెంబ్లీ తీర్మానం, ప్రత్యేక చట్టం, ప్రధాని రాక, సింగపూర్ సంస్థలతో ఒప్పందం, ఇన్ని ఉన్నప్పుడు ఇక్కడ ప్లాటు కొనడంలో రిస్కేమిటని ఎవరైనా అడిగితే అప్పట్లో జవాబు చెప్పడం కష్టమే.

జవాబు 2019 డిసెంబరు 17న వచ్చింది. ఆ ఏడాది ఎన్నికల తర్వాత మేలో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి అసెంబ్లీలో మూడు రాజధానుల ఆలోచన ప్రకటించారు. అంతకు ముందు జూలైలోనే ప్రపంచ బ్యాంకు తన రుణ ప్రతిపాదన నుంచి తప్పుకుంది. నవంబరులో సింగపూర్ సంస్థలతో స్టార్టప్ ఏరియా ఒప్పందం రద్దయింది. పనులు ఆగిపోయాయి, కొనేవారు మాయమయ్యారు. మధ్యతరగతివారు, విదేశాల్లో ఉన్న తెలుగువారు అప్పు చేసి కొన్న ప్లాట్లకు ధర అడిగే దిక్కు లేకపోయింది. 2020లో సీఆర్‌డీఏ రద్దు చట్టం వచ్చింది, 2021 నవంబరులో దాన్ని ఉపసంహరించుకున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతిని అభివృద్ధి చేసి తీరాలని గడువులు పెట్టింది, నవంబరులో సుప్రీంకోర్టు ఆ గడువులపై స్టే ఇచ్చింది. 2024 జూన్‌లో మళ్ళీ ప్రభుత్వం మారింది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరి దాదాపు 80 కోట్ల డాలర్ల రుణానికి ముందుకొచ్చాయి, 2025 మే 2న ప్రధాని మళ్ళీ వచ్చి పనులు పునఃప్రారంభించారు. పదకొండేళ్ళలో ఒకే నేల మీద ఇన్ని మలుపులు. వీటిలో ఒక్కటి కూడా నేల నాణ్యత వల్లో, జనాభా లెక్కల వల్లో, వడ్డీ రేట్ల వల్లో వచ్చింది కాదు.

ఇక్కడ ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో చేసిన విభజన పనికొస్తుంది. లెక్కకు అందే ప్రమాదం ఒక రకం. వెయ్యి ఇళ్ళలో ఏడాదికి ఎన్ని తగలబడతాయో పాత లెక్కల నుంచి చెప్పవచ్చు, అందుకే బీమా సంస్థ నడుస్తుంది. లెక్కకు అందని అనిశ్చితి మరో రకం. అది ఒక్కసారే జరిగే సంగతి, పోల్చడానికి ముందు అలాంటివి వెయ్యి లేవు. అమరావతి కొనసాగుతుందా అన్నది రెండో రకం ప్రశ్న. వంద అమరావతులు కట్టి అందులో ఎన్ని నిలబడ్డాయో చూసిన అనుభవం ఎవరికీ లేదు. కాబట్టి 2016లో 'ఇక్కడ ఐదేళ్ళలో మూడు రెట్లు' అని చెప్పినవారి దగ్గర అంచనా లేదు, ఆశ మాత్రమే ఉంది. 2020లో 'ఇక అయిపోయింది' అని అయినకాడికి అమ్మించినవారి దగ్గర ఉన్నది కూడా అంచనా కాదు. ఇప్పుడు మళ్ళీ ఊపు వచ్చింది కనుక కొత్తగా వినిపిస్తున్న అంకెలను కూడా ఇదే కంటితో చూడాలి. రాజధాని కావాలా వద్దా అన్న రాజకీయ అభిప్రాయం ఎవరిదైనా ఏదైనా కావచ్చు. ఐదేళ్ళకోసారి వచ్చే ఎన్నిక మీద నిలబడిన ధరలో ఆ ఎన్నిక రిస్కు కూడా ఉందని ఒప్పుకోవడం మాత్రం అందరికీ అవసరం.

ప్రభుత్వ నిర్ణయమే ధరను రాయడం, చెరపడం అమరావతికి పరిమితం కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చిలో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలకు పరిమితులు పెట్టింది. ఆ గ్రామాల రైతులు పాతికేళ్ళకు పైగా పక్కనే గచ్చిబౌలి ఆకాశానికి ఎదుగుతుంటే చూస్తూ ఉండిపోయారు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ పరిమితులను సడలిస్తున్నట్టు ప్రకటించారు. నేల అదే, నీళ్ళు అవే. మారింది కాగితం. అలాగే 2020లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరిస్తామని ఎల్ఆర్ఎస్ దరఖాస్తులు పిలిస్తే 25 లక్షలకు పైగా వచ్చాయి. ఒక రాష్ట్రంలో 25 లక్షల ప్లాట్లు అనుమతి లేకుండానే చేతులు మారాయన్నమాట. ఆ దరఖాస్తులు ఏళ్ళ తరబడి నానాయి, 2025లో ఫీజులో 25 శాతం రాయితీ ఇచ్చి మళ్ళీ కదిలించారు. ఇన్నేళ్ళూ ఆ ప్లాట్లు కాగితం మీద ఆస్తులు, అవసరానికి అక్కరకు రాని ఆస్తులు. 2024 జూలైలో ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్లలోని కట్టడాలను కూల్చడం మొదలుపెట్టాక, అనుమతులు ఉన్నాయన్న ధీమా కూడా సరిపోదని నగరవాసులకు అర్థమైంది. చెరువులను కాపాడడం తప్పనిసరి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అక్కడ అనుమతి ఇచ్చిన అధికారి, లేఅవుట్ వేసినవారు, రుణమిచ్చిన బ్యాంకు ఎవరూ నష్టపోకుండా చివరి కొనుగోలుదారు ఒక్కడే మొత్తం నష్టం మోసే పద్ధతి న్యాయమైనది కాదు.

టైటిల్ సంగతికి వద్దాం. మన దేశంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నమోదు చేసేది లావాదేవీని. అమ్మినవారికి నిజంగా హక్కు ఉందని సబ్‌రిజిస్ట్రార్ హామీ ఇవ్వరు, అది ఆయన పని కూడా కాదు. కాబట్టి స్టాంపు పడిన సేల్ డీడ్ చేతిలో ఉన్నా ఆ హక్కు ఎవరూ సవాలు చేయనంతవరకే. ముప్పై ఏళ్ళ లావాదేవీలు చూపే ఈసీ తీసి, లింక్ డాక్యుమెంట్లన్నీ చూసినా కొన్ని ప్రశ్నలు మిగులుతాయి. ఆ భూమి ఎప్పుడైనా అసైన్డ్ భూమా? అయితే 1977 చట్టం ప్రకారం దాని అమ్మకమే చెల్లకపోవచ్చు. రిజిస్ట్రేషన్లు నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా, రేపు చేరే అవకాశముందా? ఉమ్మడి ఆస్తి అయితే ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా? ఆంధ్రప్రదేశ్‌లో 1980ల సవరణతోనే కూతుళ్ళకు సమాన వాటా వచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. ఆ వాటాను పట్టించుకోకుండా అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టిన పాత పత్రాలు నేటికీ కోర్టుల్లో తేలుతున్నాయి. సర్వే నంబరులో ఉన్న విస్తీర్ణం కంటే అమ్మినది ఎక్కువ ఉందా? ఇవేవీ గజం ధర చెప్పే మధ్యవర్తి నోట రావు. కానీ ఏదో ఒకటి బయటపడిన రోజున ధర పది శాతమో ఇరవై శాతమో పడదు. కొనేవారే ఉండరు.

భూమి కొనకుండా కట్టబోయే ఫ్లాటు కొంటే ఇంకో పొర చేరుతుంది. కట్టేవారు చివరిదాకా నిలబడతారా? ప్రీ-లాంచ్ పేరుతో అనుమతులు రాకముందే, కొన్నిసార్లు స్థలం పూర్తిగా చేతికి రాకముందే, చదరపు అడుగుకు సగం ధర అంటూ మొత్తం సొమ్ము వసూలు చేసే పద్ధతి హైదరాబాద్‌ను కొన్నేళ్ళుగా పీడిస్తోంది. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది యూనిట్లు దాటిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. ఈ మూడు నిబంధనలు తెలిసినవారికి ప్రీ-లాంచ్ డిస్కౌంటు ఎందుకు అంత ఎక్కువో అర్థమవుతుంది. ఆ తగ్గింపు మనం మోస్తున్న రిస్కుకు కట్టిన వెల. బిల్డరుకు బ్యాంకు అప్పు ఇవ్వని దశలో మనం హామీ లేకుండా అప్పు ఇస్తున్నాం. ఇలాంటిది ఇంతకు ముందూ చూశాం. ప్లాట్లు, భూములు చూపించి డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్‌లో దాదాపు 32 లక్షల మంది 6 వేల కోట్లకు పైగా ఇరికించుకున్నారు. సంస్థ పేర భూములు ఉండనే ఉన్నాయి. భూమి ఉన్నంత మాత్రాన డిపాజిట్‌దారు క్షేమంగా లేడు.

ఇంత చెప్పినా ఒక అభ్యంతరం బలంగానే నిలుస్తుంది. మా ఇంట్లో కొన్న స్థలం పాతికేళ్ళలో పది రెట్లయింది, ఇంకెందుకీ భయాలు అంటారు. పాతికేళ్ళలో పది రెట్లు అంటే ఏడాదికి చక్రవడ్డీ మీద 9.6 శాతం. ఇరవై రెట్లయితే 12.7 శాతం. 2000 సంవత్సరం మొదట్లో పీపీఎఫ్ వడ్డీయే 11 శాతం ఉండేది. 1999 చివర 5 వేల దగ్గరున్న సెన్సెక్స్ 2024 చివరికి 78 వేల చుట్టూ ఉంది, డివిడెండ్లు కాకుండానే 15 రెట్లు. స్థలం రాబడి మంచిదే, కానీ మనం అనుకునేంత అద్భుతమేమీ కాదు. రెట్లలో విన్నప్పుడు పెద్దదిగా, ఏటా శాతంలో చూసినప్పుడు మామూలుగా కనిపిస్తుంది. పైగా దాని నుంచి తీసేయాల్సినవి ఉన్నాయి: కొన్నప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 7.5 శాతం దాకా స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు, మధ్యవర్తి కమిషను, ప్రహరీ, కాపలా, అమ్మినప్పుడు పన్ను. అన్నిటికంటే పెద్ద లోపం, ఇలాంటి కథలు చెప్పుకునేది గెలిచినవారే కావడం. కబ్జా అయిన ప్లాటు, వెంచర్ ఎత్తేసిన కంపెనీ, కోర్టులో తరాలు గడిచిన వాటా గురించి పెళ్ళి పందిట్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. అవన్నీ కలిపితే వచ్చే సగటే అసలు సగటు.

ఇంకొకరు అంటారు: జనాభా పెరుగుతుంది, భూమి పెరగదు, కాబట్టి ధర పెరగక తప్పదు. భూమి పెరగదన్నది నిజం. కానీ ఇల్లు కట్టగలిగిన భూమి, కట్టగలిగిన అంతస్తులు ప్రభుత్వ నిర్ణయంతో పెరుగుతాయి. 2006లో 86 జీవోతో హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ (స్థలంతో పోలిస్తే ఎంత విస్తీర్ణం కట్టవచ్చన్న) పరిమితి తీసేశాక అదే ఎకరంలో ఎన్నో రెట్లు ఎక్కువ ఇళ్ళు వచ్చే అవకాశం ఏర్పడింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేల ఎకరాలను నగరానికి దగ్గర చేసింది. కొరతే ధరను నిలబెట్టేదైతే జపాన్‌లో ధరలు పడకూడదు. కొండలు పోను మిగిలిన కొద్దిపాటి నేల మీద కోట్లమంది బతికే దేశమది. 1991లో శిఖరానికి చేరిన అక్కడి ఆరు పెద్ద నగరాల వాణిజ్య భూముల ధరలు 2000ల మధ్య నాటికి 80 శాతానికి పైగా పడిపోయాయి. భూమి అక్కడా పెరగలేదు.

షేర్లు పడవా అనే ప్రశ్న కూడా న్యాయమైనదే. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ ఏడాది తిరగకముందే 8 వేలకు వచ్చింది. నేను స్థలం కంటే షేర్లు భద్రమని అనడం లేదు. తేడా ఎక్కడుందంటే, షేర్లలో చిన్న మొత్తంతో కూడా వంద కంపెనీల సగటు కొనవచ్చు. ఒక కంపెనీ మోసం బయటపడితే వందో వంతు పోతుంది. ప్లాటులో కుటుంబం పదేళ్ళ పొదుపు మొత్తం ఒక్క సర్వే నంబరు మీద, చాలాసార్లు అప్పుతో కలిపి నిలబడుతుంది. అప్పు ఈ లెక్కను ఎంత మారుస్తుందో చూడండి. 60 లక్షల ఫ్లాటుకు సొంతంగా 12 లక్షలు పెట్టి 48 లక్షలు అప్పు తెస్తే, ధర పది శాతం తగ్గితే చాలు, మన సొమ్ములో సగం పోయినట్టే. ధర పడకపోయినా, కదలకుండా కూర్చున్నా నష్టమే. 8.5 శాతం మీద మొదటి ఏడాది వడ్డీయే 4 లక్షలు దాటుతుంది. మన నగరాల్లో ఇంటి విలువ మీద అద్దె సాధారణంగా 3 శాతం చుట్టూ ఉంటుంది కనుక వచ్చేది 1.8 లక్షలు. మిగతా రెండు లక్షల పైచిలుకు ఏటా జేబులోంచి కట్టాలి. ఉద్యోగం ఉన్నంతకాలం ఈ లెక్క నడుస్తుంది. ఐటీలో ఉద్యోగాలు పోయే ఏడాదే ఐటీ కారిడార్ ఫ్లాట్లకు గిరాకీ పోతుంది. జీతం, ఇంటి విలువ, అద్దె ఈ మూడూ ఒకే పరిశ్రమ మీద ఆధారపడ్డాయని చాలా కుటుంబాలు ఆలోచించడం లేదు.

మాకు ఆ ప్రాంతం బాగా తెలుసు, ఎవరో లోపలి మనిషి ముందే చెప్పాడు అనేవారూ ఉంటారు. స్థానిక జ్ఞానం నిజంగా విలువైనదే. ఏ గట్టు వివాదంలో ఉందో, ఏ వర్షాకాలంలో ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో ఊరివారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ రింగు రోడ్డు ఎటు పోతుందో ముందే నిజంగా తెలిసినవారు అప్పటికే కొనేసి ఉంటారు. ఆ వార్త మనదాకా వచ్చేసరికి వారు అమ్మకందార్లు. రోడ్డు గీత మారితే నష్టపోయేది చివర కొన్నవారే. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉండి వాట్సాప్‌లో లేఅవుట్ బొమ్మ చూసి కొనేవారికి ఈ లోపలి వార్త మరీ ప్రమాదం. ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి, ఫాంహౌస్ కొనడం ఫెమా నిబంధనలకు విరుద్ధం. అయినా గుంటల లెక్కన ఫాం ప్లాట్లు చూపించే ప్రకటనలు వారి ఫోన్లకు చేరుతూనే ఉన్నాయి.

అంటే స్థలం కొనొద్దనా? కాదు. ఎక్కడ అంచనా కుదురుతుందో అక్కడ డబ్బు పెట్టి, ఎక్కడ కుదరదో అక్కడ ధరలో తగ్గింపు అడగాలి. ఉండడానికి కొన్న ఇల్లు ఒక రకం. దాని ధర ఏమైనా మనకు అద్దె పెరుగుదల నుంచి రక్షణ ఉంటుంది, అందుకే నెలవారీ వాయిదా జీతంలో సర్దుకునేంతవరకు అందులో రిస్కు తక్కువ. అద్దె వస్తున్న పూర్తయిన ఆస్తి మరో రకం. ఈ నెల ఎంత వచ్చిందో చూసుకోవచ్చు. నగరం ఎదుగుదల మీద నమ్మకముండి ఒక్క ప్లాటు మీద పందెం వద్దనుకునేవారికి, ఎన్నో భవనాలను కలిపి యూనిట్లుగా అమ్మే రీట్లు ఉన్నాయి. దేశంలో మొదటిది 2019లో వచ్చింది, మాదాపూర్ ఆఫీసు భవనాలున్న మైండ్‌స్పేస్ రీట్ 2020లో లిస్టయింది. వాటి ఆస్తుల్లో కనీసం 80 శాతం పూర్తయి ఆదాయమిచ్చేవై ఉండాలి, పంచదగిన నగదులో 90 శాతం పంచాలి. 2021 నుంచి ఒక్క యూనిట్ అయినా కొనుక్కోవచ్చు. ఇక కేవలం ధర పెరుగుతుందని కొనే ఖాళీ ప్లాటు, నా దృష్టిలో, పదేళ్ళు ముట్టుకోకపోయినా ఇల్లు గడిచే సొమ్ముతో, అప్పు లేకుండా కొనవలసినది. టైటిల్ చూడడానికి న్యాయవాదికి ఇచ్చే ఫీజు, సర్వేయరుతో హద్దులు కొలిపించే ఖర్చు చూసి వెనకాడేవారు, గజానికి ఐదు వందలు తగ్గించారని సంతోషించడం నాకు బాధ కలిగిస్తుంది.

అయితే ఈ జాగ్రత్తలన్నీ కొనుగోలుదారు నెత్తినే వేయడం సరికాదు. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లోనే మొదలైంది. ఆంధ్రప్రదేశ్ 2023లో భూ హక్కుల చట్టం తెచ్చింది. వివాదాల పరిష్కారం అధికారుల చేతికి పోతుందన్న భయంతో అది 2024 ఎన్నికల్లో పెద్ద అంశమైంది, కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. తెలంగాణలో 2020 నాటి భూ రికార్డుల వ్యవస్థ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ రికార్డు వ్యవస్థ ఎన్నికతో పాటే మారడం చూస్తున్నాం. రైతుల భయాన్ని గౌరవిస్తూనే, కోర్టుకు వెళ్ళే దారి మూసేయకుండా, తప్పు జరిగితే ప్రభుత్వ నిధి నుంచి పరిహారమిచ్చే హామీతో చట్టం రాయవచ్చు. అంత పెద్ద మార్పు వచ్చేదాకా చేతిలో ఉన్నదైనా వాడుకోవాలి. లోపమున్న టైటిల్‌తో అమ్మిన ప్రమోటరు పరిహారం కట్టాలని, దానికి కాలపరిమితి అడ్డు రాదని రెరా 18వ సెక్షన్ చెబుతోంది. కానీ ప్రమోటరు దగ్గర డబ్బే లేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. అందుకే 16వ సెక్షన్‌లో ప్రాజెక్టు భూమి టైటిల్‌కు బీమా చేయించే బాధ్యత ప్రమోటరు మీద పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అది అమల్లోకి వస్తుంది. బీమా సంస్థ ఆ టైటిల్‌కు ఎంత ప్రీమియం అడుగుతుందో తెలిసిన రోజున, ఆ ప్లాటు రిస్కు ఎంతో మొదటిసారి ఒక అంకెగా కొనేవారికి కనిపిస్తుంది.